డ్రై: ఉదయగిరి, ఆత్మకూరు మెట్టలో ఒక ఇంగ్లీషు విశేషణం

'డ్రై' ఇంగ్లీషులోని అతి పాత విశేషణాల్లో ఒకటి. కరవును చెప్పే 'డ్రౌట్', నీటిని బయటికి పంపడాన్ని చెప్పే 'డ్రెయిన్' దీని చుట్టాలే. తడి లేనిది అన్నది మూలార్థం. ఏ తడి లేదో మాత్రం పక్కనున్న నామవాచకాన్ని బట్టి తెలుస్తుంది. ఆవు పక్కన చేరితే పాలు లేవని, దగ్గు పక్కన చేరితే కఫం పడదని, వైన్ పక్కన చేరితే తీపి లేదని, రాష్ట్రం పక్కన చేరితే మద్యం అమ్మరని, బట్టల ఉతుకు పక్కన చేరితే నీళ్లు వాడరని అర్థం. ఉండవలసిందో ఉంటుందనుకున్నదో అక్కడ లేదని చెప్పడమే దీని పని. తెలుగులో ఇదే పనిని ఎండు, పొడి, వట్టి, మెట్ట, బెట్ట, శుష్క వంటి మాటలు తలా కొంత పంచుకున్నాయి.

ఈ విశేషణం బతుకులోకి ఎంత లోతుగా దిగిందో చూడడానికి నెల్లూరు జిల్లా పడమటి భాగం మంచి చోటు. నెల్లూరు అనగానే బయటివాళ్లకు పెన్న డెల్టా, మొలగొలుకుల బియ్యం గుర్తొస్తాయి. ఆత్మకూరు దాటి పడమరకు పోతే ఆ నెల్లూరు కనిపించదు. ఎర్ర చెలక, గరప నేల, తుమ్మచెట్లు, సజ్జ, కంది చేలు, వెనకాల వెలికొండల వరస. ఆ కొండల్లో ఎర్రచందనం సహజంగా పెరుగుతుంది. మర్రిపాడు, అనంతసాగరం, అనుమసముద్రంపేట, ఉదయగిరి, సీతారామపురం, వరికుంటపాడు, దుత్తలూరు, వింజమూరు, కలిగిరి మండలాలన్నింటినీ కలిపి జిల్లాలో 'మెట్ట' అనే పిలుస్తారు. ఎన్నికల వార్తల నుంచి పెళ్లి సంబంధాల మాటల దాకా 'మెట్టోళ్లు' అంటే వీళ్లే. రెవెన్యూ భాషలో ఈ మెట్టకు ఇంగ్లీషు పేరే 'డ్రై'.

రికార్డులో డ్రై

మద్రాసు రాష్ట్రపు రైత్వారీ పద్ధతిలో భూమిని ప్రధానంగా రెండుగా విడగొట్టారు. ప్రభుత్వం కట్టిన, లేదా ప్రభుత్వం తనదిగా లెక్కవేసుకున్న చెరువు, కాలువ, ఆనకట్ట కింద పారేది 'వెట్', తెలుగులో మాగాణి లేదా పల్లం. తక్కినది 'డ్రై', తెలుగులో మెట్ట. సెటిల్‌మెంటు రిజిస్టరును ఆంధ్ర జిల్లాల్లో 'డైగ్లాట్' అంటారు. రెండు భాషల్లో అచ్చయింది కాబట్టి ఆ పేరు. సర్వే నంబరు, ప్రభుత్వ భూమా ఇనామా, డ్రైయా వెట్టా, నీటి ఆధారం ఏది, నేల తరం ఏది, విస్తీర్ణం, శిస్తు అన్నీ అందులో వరసగా ఉంటాయి. వాన మీదే వరి పండే 'మానావారి' నేలకు వేరే గుర్తు ఉంది. ఈ ప్రాంతపు పాత కరణాలకు డైగ్లాట్ చదవడం అక్షరాభ్యాసంతో సమానం.

మొదట్లో చెప్పిన సూత్రం ఇక్కడ అక్షరాలా పనిచేస్తుంది. రికార్డులో డ్రై అంటే ఆ నేలలో చెమ్మ లేదని కాదు, సర్కారు నీటి వనరు లేదని. సొంత ఖర్చుతో బావి తవ్వుకుని, బోరు వేసుకుని రైతు ఏం పండించుకున్నా ఆ నేల డ్రైగానే ఉంటుంది. కాబట్టి మెట్టలో తరచూ ఒక వింత ఎదురవుతుంది. బోరు కింద డ్రిప్పు పైపులు పరిచి, ఏడాది పొడవునా పచ్చగా ఉండే నిమ్మతోట పాసు పుస్తకంలో 'మెట్ట'. దానికి కూతవేటు దూరంలో పూడిపోయిన చెరువు కింద కంపచెట్లు మొలిచిన బీడు 'మాగాణి'. కంటికి కనిపించేది ఒకటి, కాగితం చెప్పేది ఇంకొకటి. తగాదా వస్తే చెల్లేది కాగితమే.

ఈ ఒక్క మాట వెంట ఎన్ని లెక్కలు మారతాయో చూస్తే దాని బరువు తెలుస్తుంది. 1973 భూసంస్కరణల చట్టం ఒక కుటుంబానికి మాగాణి అయితే తరాన్ని బట్టి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుంచి 54 ఎకరాలు గరిష్ఠ పరిమితిగా పెట్టింది. 2019 చివర ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన బియ్యం కార్డు నిబంధనల్లో అర్హతకు మాగాణి 3 ఎకరాల లోపు, మెట్ట 10 ఎకరాల లోపు, రెండూ కలిపితే 10 ఎకరాల లోపు ఉండాలన్నారు. నాలుగెకరాల మెట్ట రైతుకు కార్డు వస్తుంది. అదే నాలుగెకరాలు ఎప్పుడో ఎండిపోయిన చెరువు కింద మాగాణిగా నమోదై ఉంటే చిక్కు మొదలవుతుంది. అసలు పరిస్థితికి తగ్గట్టు వర్గీకరణ మార్చమని అర్జీ పెట్టుకునే హక్కు రైతుకు ఉంది. మెట్ట మండలాల్లో ఈ పని ఊరూరా జరగాల్సినంత జరగలేదన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం.

డ్రై అన్న ముద్ర చూసి ఈ సీమకు నీటి తెలివి లేదనుకుంటే పొరపాటు. విజయనగర రాజ్యంలో ఉదయగిరి ఒక రాజ్యానికి, అంటే ఒక పెద్ద పాలనా విభాగానికి కేంద్రం. మొదటి బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు ఉదయగిరి నుంచి ఏలుతూ, వెలికొండలకు ఆవలివైపున ఇప్పటి కడప ప్రాంతంలోని పోరుమామిళ్లలో అనంతరాజసాగరం అనే చెరువు కట్టించాడు. 1369 నాటి అక్కడి శాసనం భారతదేశంలో చెరువుల నిర్మాణం గురించి చెప్పే అపురూపమైన రాతల్లో ఒకటి. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు, తప్పించవలసిన ఆరు దోషాలు అందులో వరసగా చెప్పారు. రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు రెండేళ్లు పనిచేశాయని కూడా రాశారు. చెరువు కట్టడాన్ని శాస్త్రంగా రాతి మీద చెక్కించిన పాలన ఉదయగిరిది. వాన నమ్మకం లేని చోటే ఆ శాస్త్రం పుట్టింది.

వాన సంగతి కూడా చెప్పుకోవాలి. నెల్లూరు జిల్లాకు నైరుతి రుతుపవనాలు అరకొరగానే అందుతాయి. వర్షంలో పెద్ద వాటా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతం నుంచి వచ్చే ఈశాన్య రుతుపవనాలది, వాయుగుండాలది. తీరం నుంచి పడమరకు పోయేకొద్దీ ఆ వాన పలచబడుతుంది. తుపాను పట్టలేదంటే ఆ ఏడు మెట్ట పని అయిపోయినట్టే. పైరు మీద వాన ముఖం చాటేసిన ఎడాన్ని ఇక్కడి రైతు 'బెట్ట' అంటాడు. వాతావరణ శాఖ వాడే 'డ్రై స్పెల్'కు ఇంతకన్నా సరైన తెలుగు మాట దొరకదు. 'చేను బెట్టకొచ్చింది' అంటే ఆకు మధ్యాహ్నానికి మెలిపడి, పొద్దుగూకాక కూడా తేరుకోవడం లేదని లెక్క. ఆ మాట వానకూ వర్తిస్తుంది, నేలకూ పైరుకూ కూడా వర్తిస్తుంది. బెట్ట ముదిరితే కరువు. 1876-78 నాటి ధాత కరువు నెల్లూరు జిల్లాను ఎంతగా పిండిందంటే 1871 జనాభా లెక్కల కన్నా 1881 లెక్కల్లో మనుషులు తగ్గారు. భూగర్భ జలానిది ఇంకో బాధ. గట్టి రాతిపొరల్లో లోతుకు దిగిన బోర్లలో ఫ్లోరైడు ఎక్కువగా వచ్చి, ఉదయగిరి వైపు చాలా ఊళ్లు పళ్ల గారతో, ఎముకల నొప్పులతో అవస్థ పడ్డాయి.

ఇరిగేటెడ్ డ్రై

నీటిపారుదల శాఖ కాగితాల్లో 'ఐ.డి.' అన్న రెండు అక్షరాలు కనిపిస్తాయి. 'ఇరిగేటెడ్ డ్రై' అని విప్పుకోవాలి. నీరు పారించిన పొడి నేల అని మాటకు మాట చెప్పుకుంటే అర్థం పొసగదు. తెలుగు రైతు దీనికి ఎప్పుడో 'ఆరుతడి' అని పేరు పెట్టుకున్నాడు. వరికిలా నిలవనీరు పెట్టకుండా ఒక తడి ఇచ్చి, నేల ఆరాక ఇంకో తడి ఇచ్చే పద్ధతి. వేరుశనగ, మిరప, పొద్దుతిరుగుడు, కంది ఇలా పండుతాయి. ఒక వరి మడికి పోయే నీటితో అంతకు రెట్టింపు పైచిలుకు ఆరుతడి నేల తడుస్తుంది. నీరు తక్కువగా ఉన్న మెట్టకు ప్రాజెక్టులు రాసేటప్పుడు ఆయకట్టును ఐ.డి.గానే చూపడానికి కారణం ఇదే.

ప్రాజెక్టుల చరిత్రలో ఆత్మకూరుది విచిత్రమైన స్థానం. పెన్న నది దీని పక్కనుంచే పారుతుంది. సంగం దగ్గర పాత ఆనకట్ట 1880లలోనే వచ్చింది. కానీ అది నీరు ఇచ్చింది దిగువకు, అంటే డెల్టాకు. 1970లలో మొదలై 1980ల చివరికి నిలబడిన సోమశిల జలాశయం అనంతసాగరం మండలంలోనే ఉంది. దాని సామర్థ్యం సుమారు 78 టీఎంసీలు. తెలుగుగంగ పథకంలో కృష్ణా నీరు సోమశిల, కండలేరు మీదుగా చెన్నైకి తాగునీరుగా పోతుంది. 1996లో ఆ నీరు తమిళనాడు చేరింది. జలాశయం మెట్ట గడ్డ మీద ఉన్నా, దాని నీటిలో పెద్ద పాలు పల్లానికి, పట్నానికి వెళ్లింది. ఎత్తున ఉన్న నేలకు నీరు దానంతట అది ఎక్కదు కదా. ఉత్తర కాలువ కింద ఆత్మకూరు వైపు కొంత ఆయకట్టు స్థిరపడింది. ఇంకా ఎగువనున్న మర్రిపాడు, ఉదయగిరి మెట్టకు హై లెవెల్ కాలువతో నీరు ఎత్తిపోసే పని చేపట్టారు. ఉదయగిరి దగ్గర పిల్లాపేరు మీద గండిపాలెం జలాశయం చిన్నదైనా ఆ చుట్టుపక్కల ఊళ్లకు అదే పెద్ద ఆసరా. 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ ప్రాజెక్టు కూడా ఉదయగిరి మెట్టకు నీరు రాసిపెట్టింది. శ్రీశైలం ఎగువనుంచి కొండను తొలిచిన రెండు సొరంగాల గుండా రావాల్సిన నీరు అది. 'శుష్క ప్రియాలు, శూన్య హస్తాలు' అన్న సామెతలో శుష్క అంటే డ్రై అనే. నీటి హామీల విషయంలో ఈ సీమ ఆ సామెతను తరతరాలుగా అనుభవించింది.

అదే పెన్న 2021 నవంబరులో ఇంకో ముఖం చూపించింది. 19న ఎగువన చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. సోమశిల నుంచి 5 లక్షల క్యూసెక్కులకు పైగా వరద దిగువకు వదలాల్సివచ్చింది. డ్రై అని రాసిన సీమ పక్కనే ఊళ్లు నీట మునిగాయి. సంగం దగ్గర కొత్త బ్యారేజీ 2022 సెప్టెంబరు 6న ప్రారంభమైంది. అదే ఏడు ఫిబ్రవరిలో మరణించిన ఆత్మకూరు శాసనసభ్యుడు, మంత్రి మేకపాటి గౌతమ్‌రెడ్డి పేరు దానికి పెట్టారు.

ఎండు, పొడి, వట్టి

నేల సంగతి అలా ఉంచితే, ఎండబెట్టడం మెట్టవాళ్లకు ఒక విద్య. డి.సి.పల్లి, కలిగిరి పొగాకు బోర్డు వేలం కేంద్రాలకు వచ్చే వర్జీనియా పొగాకు ఇందుకు గట్టి సాక్ష్యం. బోర్డు లెక్కల్లో ఈ నేలలు 'దక్షిణ తేలిక నేలలు'. కోసిన పచ్చి ఆకును కర్రలకు అల్లి బ్యారన్‌లో అంతస్తులుగా వేలాడదీస్తారు. బయట పొయ్యిలో కట్టెలు మండుతుంటే ఆ వేడి ఇనుప గొట్టాల గుండా లోపలికి పోతుంది, పొగ మాత్రం ఆకుకు తగలదు. మొదట తక్కువ వేడిలో ఆకు పండుబారాలి. తర్వాత వేడి పెంచితే రెక్క ఆరుతుంది. చివరికి 70 డిగ్రీల సెల్సియస్ దాకా తీసుకుపోతేగాని లావుపాటి ఈనె ఆరదు. అయిదారు రోజుల ఈ పనిలో రాత్రిళ్లు థర్మామీటరు చూసుకుంటూ ఒక మనిషి కాపలా ఉండాల్సిందే. వేడి తొందరపడి పెంచితే ఆకు పచ్చగానే బిగుసుకుపోతుంది. ఆలస్యం చేస్తే మచ్చపడుతుంది. పూర్తిగా ఎండిన ఆకు ముట్టుకుంటే పొడైపోతుంది కాబట్టి, బ్యారన్ తలుపులు తీసి గాలిలోని చెమ్మను మళ్లీ పట్టనిస్తారు. ఆకు మెత్తబడ్డాకే గ్రేడు చేసి బేళ్లు కట్టేది. ఎండడం ఎంత అవసరమో, సరైన చోట ఆగడమూ అంతే అవసరమని బ్యారన్ దగ్గర పనిచేసినవాళ్లకు తెలుసు.

ఉదయగిరి చెక్క చెంచాల సంగతీ ఇంతే. దుర్గం కొండల్లోని నర్ది వంటి కట్టెతో చెంచాలు, ఫోర్కులు, గరిటెలు చెక్కి, పిడులమీద సన్నని జాలీ పని చేస్తారు. ఈ కళకు భౌగోళిక గుర్తింపు దక్కింది. పచ్చి కట్టె ఆరుతూ ముడుచుకుంటుంది. అదీ పొడవునా కాకుండా అడ్డంగా ఎక్కువ ముడుచుకుంటుంది. ఆరని కట్టె మీద సన్నటి నగిషీ పెడితే తర్వాత నెర్రె విచ్చుతుంది. అందుకే కట్టె వయసు, పదును చూడడం ఉలి పట్టడం కన్నా ముందు నేర్చుకోవలసిన పాఠం.

పశువుల దగ్గర 'వట్టి' అన్న మాట వస్తుంది. పాలు ఇవ్వడం మానేసిన గేదె 'వట్టిపోయింది'. పశువైద్యులు చెప్పే 'డ్రై పీరియడ్' మాత్రం లోటు కాదు. ఈనడానికి రెండు నెలల ముందు పాలు పితకడం ఆపి తల్లికి విశ్రాంతి ఇవ్వడం. ఇంగ్లీషు మాట ఒకటే అయినా తెలుగులో మొదటిది నష్టం, రెండోది జాగ్రత్త. మేతలో పచ్చిమేత, ఎండుమేత వేరు. జొన్న చొప్ప, వేరుశనగ కట్టె వామి వేసుకున్న ఇంటికి వేసవి భయం తక్కువ. మెట్ట గడ్డిని నమ్ముకుని పెరిగిన నెల్లూరు గొర్రె దేశంలోని గొర్రె జాతుల్లోకెల్లా పొడగరి అంటారు. జొడిపి, పల్ల, దోర అన్నవి అందులో రంగును బట్టి వచ్చిన రకాలు.

వంటింట్లో దోసకాయ, గోరుచిక్కుడు, మామిడికాయ ముక్కలు ఎండబెట్టి దాచుకునే ఒరుగులున్నాయి. తీరం నుంచి సంతకు వచ్చే ఎండుచేపలున్నాయి. ఇంగ్లీషు మాటను ఉన్నదున్నట్టుగా తెచ్చుకున్నవి 'డ్రై ఫ్రూట్స్', ఫాస్ట్‌ఫుడ్ బండి మీది 'మంచూరియా డ్రై', అంటే గుజ్జు లేనిది. డ్రై క్లీనింగులో ద్రవం ఉంటుంది, నీరు ఉండదు. టార్చిలైటులోని డ్రై సెల్‌లోనూ లోపల చెమ్మగా ఉండే ముద్ద ఉంటుంది, ఒలికే ద్రవం మాత్రం ఉండదు. సున్నాకు దిగువన 78 డిగ్రీల చలిలో ఉండే డ్రై ఐస్ కరిగి నీరవకుండా నేరుగా ఆవిరైపోతుంది. 2020 డిసెంబరు చివర కరోనా టీకాకు కృష్ణా జిల్లాలో జరిపిన 'డ్రై రన్'లో సూది గుచ్చలేదు, తక్కిన పనులన్నీ చేసి చూశారు. పంచాయతీ బండి దగ్గర మాత్రం తెలుగే గెలిచింది. తడి చెత్త, పొడి చెత్త అన్న మాటలు ఎవరికీ విప్పి చెప్పనవసరం లేదు.

మద్యం లేని డ్రై

అమెరికాలో మద్యనిషేధ ఉద్యమం నుంచి ఈ విశేషణానికి కొత్త అర్థం వచ్చింది. మద్యం అమ్మకాలు లేని ఊరు, రాష్ట్రం డ్రై. అక్కడ దేశవ్యాప్త నిషేధం 1920 నుంచి 1933 దాకా సాగింది. మనకు ఈ అర్థం 'డ్రై డే'గా పరిచయం. ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం పోలింగు ముగిసే వేళకు ముందు 48 గంటలు మద్యం అమ్మకూడదు. 2022 జూన్ 23న ఉపఎన్నిక జరిగినప్పుడు ఆత్మకూరు కూడా ఆ లెక్కన డ్రై అయింది. కానీ ఈ మాటకు అసలైన తెలుగు చరిత్ర కలిగిరి మండలంలోని దూబగుంటలో ఉంది.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం జరిగింది. రాత్రిబడుల్లో చదివిన వాచకంలో తాగుబోతు భర్త వల్ల ఒక ఇల్లాలు పడే కష్టం చెప్పే 'సీతమ్మ కథ' ఉంది. సర్కారు సారా అప్పటికే 'వారుణి వాహిని' పేరుతో పాకెట్లలో ఊళ్లకు చేరుతోంది. తాగడానికి నీళ్లు రాని ఊరికి కూడా సారా పాకెట్టు తప్పకుండా వచ్చేది. కూలి డబ్బు ఇంటికి చేరకముందే దుకాణంలో ఆగిపోయేది. 1992లో దూబగుంట ఆడవాళ్లు వర్ధినేని రోశమ్మ ముందు నడవగా తమ ఊళ్లో సారా అమ్మకాన్ని ఆపించారు. ఆ సంగతి 'ఆడవాళ్లు ఏకమైతే' అన్న పాఠంగా తర్వాతి వాచకంలోకి ఎక్కింది. చదువుకునే ఊరే పాఠమైంది. అది చదివిన పక్క ఊళ్లవాళ్లు తమ ఊళ్లో దుకాణాలు మూయించారు. సారా తెచ్చే బండ్లను అడ్డుకున్నారు, పాకెట్లను నేలమీద పారబోశారు, జిల్లాలో సారా వేలంపాటలను సాగనివ్వలేదు.

ఫలితం తేదీల్లోనే ఉంది. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అదే ఏడు అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం అమలైంది. 1994 డిసెంబరులో ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన వేదిక మీదే ఎన్.టి.రామారావు సంపూర్ణ మద్యనిషేధం మీద తొలి సంతకం చేశారు. 1995 జనవరి 16 నుంచి ఆంధ్రప్రదేశ్ డ్రై రాష్ట్రమైంది. 1997లో ఆ నిషేధాన్ని సడలించారు. మద్యం దుకాణాలు తిరిగి వచ్చాయి, ఖజానాకు రాబడి కావాలన్నారు. సర్కారు సారా మాత్రం మళ్లీ రాలేదు. రోశమ్మ 2016లో మరణించారు.

ఈ సీమ మీద రెవెన్యూ రికార్డు రాసిన 'డ్రై'ని జనం అడిగి తెచ్చుకోలేదు. మద్యం విషయంలో వచ్చిన 'డ్రై'ని మాత్రం చదువు అప్పుడే నేర్చుకుంటున్న కూలి ఆడవాళ్లు పోరాడి రాష్ట్రమంతటికీ తెచ్చిపెట్టారు. ఇంగ్లీషు-తెలుగు నిఘంటువులను తిరగరాసేవారు ఈ మాట కింద బెట్ట, ఆరుతడి, మానావారి, ఒరుగు, వట్టిపోవు వంటి మెట్ట మాటలను చేర్చాలి. మద్యనిషేధమన్న అర్థానికి ఉదాహరణగా పరాయి దేశాన్ని వెతుక్కోకుండా దూబగుంట పేరే రాయాలి.